అప్పుడప్పుడూ చల్లదనం ఆగిపోయే ఫ్రిజ్: తప్పును అక్కడికక్కడే పట్టుకునే పద్ధతి

మెకానిక్ వచ్చి తలుపు తీసి లోపల చెయ్యి పెడతాడు. చల్లగానే ఉంటుంది. కంప్రెసర్ నడుస్తూనే ఉంటుంది. "బాగానే ఉందిగా అండీ" అంటాడు. నిన్న రాత్రి ఫ్రీజర్‌లో ఐస్ అంతా కరిగి నీళ్లైపోయిందని మనం చెబుతుంటే నమ్మీ నమ్మనట్టు చూస్తాడు. ఆయన వెళ్లిన మూడో రోజు మళ్లీ అదే కథ.

ఇలాంటి ఫ్రిజ్‌తో రిపేరు కంటే పెద్ద చిక్కు ఇదే. తప్పు జరుగుతున్న సమయంలో దాన్ని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. దాంతో ఊహల మీద ఒక్కో భాగం మార్చుకుంటూ పోతారు. నా ఫ్రిజ్‌కి అలాగే ఒకసారి థర్మోస్టాట్ (చల్లదనాన్ని బట్టి కంప్రెసర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మార్చారు, రెండుసార్లు గ్యాస్ ఎక్కించారు. గ్యాస్ ఎక్కించిన ప్రతిసారీ పది రోజులు బ్రహ్మాండంగా పనిచేసేది. చివరికి చూస్తే ఫ్రీజర్ వెనక మంచు కరిగించడానికి ఉండే డీఫ్రాస్ట్ హీటర్ తెగిపోయి ఉంది. ఆ పది రోజులు అది పనిచేయడానికి కారణం కొత్త గ్యాస్ కాదు. గ్యాస్ పని కోసం ఫ్రిజ్‌ను గంటలకొద్దీ ఆపి ఉంచడంతో లోపల పేరుకున్న మంచు తనంతట తాను కరిగిపోయేది, అంతే.

అందుకే ఈ మార్గదర్శిలో స్క్రూడ్రైవర్ చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు తప్పును దొరకబుచ్చుకోవాలి. ఫ్రిజ్ చల్లబరచడం మానేసిన ఆ గంటలో ఏది నడుస్తోంది, ఏది ఆగింది అన్నది తెలిస్తే సగం రిపేరు అయిపోయినట్టే.

1. లోపలి వస్తువుల సంగతి ముందు

ఫ్రిజ్ గది (ఫ్రీజర్ కింద ఉండే భాగం) 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ, ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫ్రిజ్ ఆగిపోయిందని తెలిసినప్పుడు తలుపు తెరవకుండా ఉంచితే కింది గది సుమారు 4 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు. పాలు, మాంసం, వండిన పదార్థాలు 4 డిగ్రీలు దాటి 2 గంటలకు మించి ఉండిపోతే పారేయడమే మంచిది. వాసన చూసి నిర్ణయించడానికి లేదు, చాలా సూక్ష్మక్రిములు వాసన రానివ్వవు.

అప్పుడప్పుడూ ఆగే ఫ్రిజ్‌లో ఇంకో ప్రమాదం ఉంది. రాత్రి కరిగిపోయి తెల్లవారేసరికి మళ్లీ గడ్డకట్టేస్తే మనకు తెలియను కూడా తెలియదు. దీనికి చిన్న ఉపాయం: ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, దాని పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లో వదిలేయండి. ఎప్పుడైనా నాణెం గ్లాసు అడుగున కనిపిస్తే, మధ్యలో ఒకసారి మొత్తం కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం.

2. మీ ఫ్రిజ్ ఏ రకమో తెలుసుకోండి

డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడలే చల్లబడతాయి, ఫ్యాన్ ఉండదు. మంచును మనమే కరిగించాలి, లేదా థర్మోస్టాట్ నాబ్ మధ్యలో ఉన్న బటన్ నొక్కాలి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో చల్లబడే కాయిల్ ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ ప్యానెల్ చాటున ఉంటుంది. ఒక ఫ్యాన్ ఆ చల్లగాలిని పైకీ కిందికీ పంపుతుంది. కాయిల్ మీద పేరుకునే మంచును ఒక హీటర్ రోజులో ఒకటి రెండు సార్లో, అంతకంటే ఎక్కువసార్లో కరిగిస్తుంది. భాగాలు పెరిగాయి కాబట్టి ఆగిపోయే దారులూ పెరిగాయి. ఇక ఇన్వర్టర్ ఫ్రిజ్ అంటే కంప్రెసర్ వేగాన్ని ఎలక్ట్రానిక్ బోర్డు మారుస్తూ ఉండేది. అది గంటల తరబడి ఆగకుండా మెల్లగా నడవడం మామూలే.

వెనకవైపు లేదా తలుపు లోపల అంటించిన స్టిక్కర్‌ను ఫోటో తీసి పెట్టుకోండి. మోడల్ నంబరు, ఓల్టేజీ, గ్యాస్ రకం, క్లైమేట్ క్లాస్ అన్నీ అక్కడే ఉంటాయి. ఇవన్నీ తర్వాత అవసరమవుతాయి.

3. నిజంగా ఆగిందా, ఆగినట్టు అనిపిస్తోందా?

చాలామంది టెన్షన్ పడేది మామూలు విషయాలకే. కంప్రెసర్ కొంతసేపు నడిచి కొంతసేపు ఆగడం దాని స్వభావం. ఫ్రాస్ట్ ఫ్రీలో డీఫ్రాస్ట్ సమయంలో 20 నుంచి 30 నిమిషాలు కంప్రెసరూ ఫ్యానూ రెండూ ఆగిపోతాయి, లోపల నీటి చుక్క వేడి రేకు మీద పడినట్టు చుయ్‌మనే శబ్దం వస్తుంది. పక్క గోడలు వేడిగా ఉండటం కూడా తప్పు కాదు. చాలా మోడళ్లలో వేడిని బయటికి వదిలే గొట్టాలు ఆ గోడల లోపలే ఉంటాయి. తలుపు చుట్టూ ఉండే ఫ్రేము గోరువెచ్చగా ఉండేది అక్కడ చెమట పట్టకుండా.

చేతితో ముట్టుకుని చల్లదనం అంచనా వేయవద్దు. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి మధ్య అరలో రాత్రంతా పెట్టండి. గాలి ఉష్ణోగ్రత తలుపు తీసిన ప్రతిసారీ గంతులేస్తుంది, నీటిది అలా మారదు. పొద్దున్నే మొదటిసారి తలుపు తీసినప్పుడు ఆ అంకె రాసుకోండి. ఫ్రీజర్‌లో ఇంకో థర్మామీటర్ ఉంటే మరీ మంచిది. రెండూ కలిపి చూస్తే చాలా సంగతి తెలుస్తుంది. ఫ్రీజర్ బాగుండి కింది గది మాత్రమే వేడెక్కుతుంటే కంప్రెసర్‌నీ గ్యాస్‌నీ అనుమానించాల్సిన పని దాదాపు లేదు. గాలి కిందికి రావడం లేదు, అంతే.

4. స్క్రూడ్రైవర్ లేకుండా తేలిపోయేవి

ప్లగ్ పాయింట్‌తో మొదలుపెట్టండి. సాకెట్‌లో ప్లగ్ వదులుగా ఉంటే కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఎక్కువ కరెంటు లాగినప్పుడు అక్కడ నిప్పురవ్వ పుట్టి, వేడెక్కి, మెల్లగా నల్లబడుతుంది. స్విచ్ ఆపి ప్లగ్ తీసి దాని పిన్నులు చూడండి. రంగు మారినా, ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చినా ఇక ఫ్రిజ్‌ను వదిలేసి ముందు ఆ సాకెట్ మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడుస్తున్న ఫ్రిజ్‌ను ఒక వారం నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడండి.

స్టెబిలైజర్ ఉంటే దాన్నీ అనుమానించాల్సిందే. ఓల్టేజీ హద్దు దాటగానే అది కరెంటు ఆపేస్తుంది, తిరిగి ఇవ్వడానికి కొన్ని నిమిషాలు ఆగుతుంది. అది దాని పని. కానీ లోపలి రిలే (కరెంటును కలిపి విడదీసే స్విచ్) అరిగితే కారణం లేకుండా కూడా ఆపేస్తుంది. ఫ్రిజ్ లోపలి లైటు కూడా వెలగకుండా ఆగిపోయే కేసుల్లో ముందుగా చూడాల్సింది సాకెట్, స్టెబిలైజర్, వైరు, ఈ మూడే.

డిజిటల్ డిస్‌ప్లే ఉన్నవాటిలో డెమో మోడ్ అని ఒకటి ఉంటుంది. షోరూముల్లో లైట్లు వెలిగించి చూపించడానికి పెట్టింది. డిస్‌ప్లే అంతా మామూలుగానే కనిపిస్తుంది, కంప్రెసర్ మాత్రం నడవదు. తుడుస్తున్నప్పుడో పిల్లలు ఆడుతున్నప్పుడో రెండు బటన్లు కలిసి నొక్కుకుని అందులోకి వెళ్లిపోవచ్చు. వెకేషన్ మోడ్‌లోకి కూడా ఇలాగే పొరపాటున వెళ్లిపోవచ్చు, అందులో కింది గది సరిగా చల్లబడదు. మాన్యువల్‌లో ఈ మోడ్‌లను తీసేసే పద్ధతి ఉంటుంది.

డైరెక్ట్ కూల్ వాడేవాళ్లకు ఇలాంటిదే డీఫ్రాస్ట్ బటన్. దాన్ని నొక్కితే ఫ్రీజర్ మంచు కరిగేదాకా కంప్రెసర్ ఆగే ఉంటుంది. ఏదైనా గిన్నె తగిలి ఆ బటన్ నొక్కుకుపోతే, లేదా బటన్ లోపలే ఇరుక్కుంటే, కొన్ని గంటలు ఆగి మళ్లీ తనంతట తాను మొదలయ్యే ఫ్రిజ్ తయారైనట్టే.

తర్వాత తలుపు. గ్యాస్కెట్‌కూ (తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు) బాడీకీ మధ్య ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. చుట్టూ పది చోట్ల చేయండి. ఎక్కడ కాగితం జారిపోతే అక్కడ గాలి లోపలికి వెళ్తోంది. మురికి పట్టిన రబ్బరును గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. తలుపు సగం తెరిచి వదిలేస్తే దానంతట అదే మూసుకోవాలి, లేకపోతే ముందు కాళ్లను కొద్దిగా ఎత్తండి.

డోర్ స్విచ్ మీద ఎవరికీ అనుమానం రాదు గానీ, అప్పుడప్పుడూ వచ్చే తప్పులకు ఇది పెద్ద చిరునామా. చాలా ఫ్రాస్ట్ ఫ్రీ మోడళ్లలో తలుపు తెరిస్తే లైటు వెలుగుతుంది, ఫ్యాన్ ఆగుతుంది. ఆ స్విచ్ సరిగ్గా నొక్కుకోకపోతే తలుపు మూసినా లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫ్యాన్ తిరగదు. ఫోన్‌లో వీడియో రికార్డింగ్ ఆన్ చేసి లోపల పెట్టి తలుపు మూయండి, అరనిమిషం తర్వాత తీసి చూడండి. లైటు ఆరిందో లేదో అందులో కనిపిస్తుంది. తలుపు అరలో బరువైన సీసాలు పెట్టినప్పుడు మాత్రమే తలుపు కుంగి ఇలా జరిగే అవకాశం ఉంది కాబట్టి, సీసాలు ఉన్నప్పుడొకసారి, తీసేసి ఒకసారి చూడండి.

లోపల గాలి వచ్చే రంధ్రాలకు డబ్బాలు అడ్డం పెట్టకండి. వెనకా పైనా గాలి ఆడే జాగా ఉండాలి. కండెన్సర్ కాయిల్ (వేడిని బయటికి వదిలే గొట్టాల చుట్ట) బయటికి కనిపించే మోడల్ అయితే ప్లగ్ తీసి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. దుమ్ము పట్టిన కాయిల్ వేడిని వదలలేక కంప్రెసర్ కాగిపోయి, ఓవర్‌లోడ్ (వేడి మితిమీరితే కరెంటు ఆపే రక్షణ స్విచ్) ట్రిప్ అయి, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. మధ్యాహ్నం ఆగి రాత్రి పనిచేసే ఫ్రిజ్ కనిపిస్తే నేను ముందు చూసేది ఇదే.

గది ఉష్ణోగ్రత మరీ తక్కువైనా సమస్యే. స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ ఉంటుంది: ఎస్ఎన్ అంటే 10 నుంచి 32 డిగ్రీల గదికి, ఎన్ అంటే 16 నుంచి 32, ఎస్‌టీ అంటే 16 నుంచి 38, టీ అంటే 16 నుంచి 43. ఒకే థర్మోస్టాట్ ఉన్న ఫ్రిజ్‌ను బాగా చలిగా ఉండే గదిలో పెడితే, కింది గది ఎలాగూ చల్లగానే ఉంది కదా అని కంప్రెసర్ మొదలే కాదు. ఫ్రీజర్‌లోది కరిగిపోతుంది. చలి రాత్రుల్లో మాత్రమే ఫ్రీజర్ కరుగుతుంటే రిపేరు చేయాల్సింది ఫ్రిజ్‌ను కాదు, దాని స్థలం మార్చాలి.

5. కాపు కాయడం

పైవన్నీ సరిగ్గానే ఉన్నా ఫ్రిజ్ ఆగుతుంటే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఉష్ణోగ్రత రాయండి. ఆగినప్పుడు సమయం, మళ్లీ మొదలైన సమయం, ఆ మధ్య ఏం చేశారు (ప్లగ్ తీసి పెట్టారా, డీఫ్రాస్ట్ చేశారా, కరెంటు పోయి వచ్చిందా) అన్నీ రాయండి. వారం తిరిగేసరికి ఒక వరస కనిపిస్తుంది. రోజూ ఒకే వేళకు ఆగుతోందా? సరిగ్గా ఎనిమిది పది రోజులకోసారా? కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీనా?

ప్లగ్‌కూ సాకెట్‌కూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ దొరికితే దాన్ని మించిన సాక్షి లేదు. మామూలు కంప్రెసర్ నడుస్తున్నప్పుడు చాలా ఇంటి ఫ్రిజ్‌లు 80 నుంచి 150 వాట్ల దాకా లాగుతాయి, ఇన్వర్టర్‌వి ఇంకా తక్కువ. డీఫ్రాస్ట్ హీటర్ వెలిగినప్పుడు అంకె అమాంతం పెరిగి 150 నుంచి 400 వాట్ల మధ్య ఎక్కడో నిలుస్తుంది.

చల్లదనం ఆగిన ఆ గంటలో మాత్రం కంగారుపడి ప్లగ్ తీసేయకండి. ప్లగ్ తీసి పెట్టారంటే సాక్ష్యం చెరిపేసినట్టే. ముందు ఈ నాలుగు చూడండి:

లోపల లైటు వెలుగుతోందా?

వెనక కంప్రెసర్ నల్ల డబ్బా మీద చెయ్యి ఆనిస్తే వణుకు తెలుస్తోందా? చాలా వేడిగా ఉండొచ్చు, వేలి కొనతోనే తాకండి. ప్రతి కొన్ని నిమిషాలకూ టిక్కుమనే శబ్దం వస్తోందా?

ఫ్రాస్ట్ ఫ్రీ అయితే ఫ్రీజర్‌లోంచి ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోందా? డోర్ స్విచ్‌ను వేలితో నొక్కి పట్టుకుంటే గాలి తగలాలి.

ఫ్రీజర్ వెనక గోడ మీద మంచు పేరుకుందా, లేక పూర్తిగా పొడిగా ఉందా?

వీటి జవాబులను బట్టి దారి నాలుగు రకాలుగా చీలుతుంది. లైటే వెలగకపోతే 4వ భాగంలో చెప్పిన సాకెట్, స్టెబిలైజర్, వైరు చూడండి. మిగతా మూడు దారులు కింద ఉన్నాయి.

6. లైటుంది, కంప్రెసర్ లేదు

వాట్ మీటర్ రెండు మూడు వాట్లే చూపిస్తూ, టిక్కు శబ్దం కూడా లేకపోతే కంప్రెసర్‌కు ఎవరూ పని చెప్పడం లేదని అర్థం. థర్మోస్టాట్, డీఫ్రాస్ట్ టైమర్, లేదా బోర్డు.

నాబ్‌ను అటూ ఇటూ తిప్పగానే కంప్రెసర్ మొదలైతే థర్మోస్టాట్ పాయింట్లు అరిగాయి. దాని సన్నని రాగి గొట్టం కొస ఫ్రీజర్‌కు ఆనుకుని క్లిప్‌లో ఉండాలి. అది జారిపోతే ఉష్ణోగ్రత తప్పుగా తెలుస్తుంది. ఆ గొట్టంలోని గ్యాస్ కారిపోతే థర్మోస్టాట్ ఇక ఆన్ అవ్వదు, అది అప్పుడప్పుడూ వచ్చే తప్పు కాదు.

పాత ఫ్రాస్ట్ ఫ్రీలో డీఫ్రాస్ట్ టైమర్ ఒక చిన్న గడియారం లాంటిది. కంప్రెసర్ 6 నుంచి 12 గంటలు నడిచాక హీటర్ వైపు మారుతుంది, 20 నుంచి 30 నిమిషాలకు వెనక్కి రావాలి. దాని పళ్లు అరిగి డీఫ్రాస్ట్ స్థానంలోనే ఇరుక్కుంటే ఫ్రిజ్ అలాగే ఆగిపోతుంది, ఎప్పుడో ఒక కుదుపుకు ముందుకు జరిగి మళ్లీ నడుస్తుంది. టైమర్ మధ్యలో స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉంటుంది. ప్లగ్ తీసి, టిక్కుమనేదాకా సవ్యదిశలో నెమ్మదిగా తిప్పి, మళ్లీ ప్లగ్ పెట్టండి. కంప్రెసర్ వెంటనే అందుకుంటే దొంగ టైమరే.

అసలు ఆసక్తికరమైనది టిక్కు శబ్దం వచ్చే కేసు. టిక్కుమంటుంది, కంప్రెసర్ కొన్ని సెకన్లు హుమ్‌మని మూలుగుతుంది, మళ్లీ టిక్కుమని ఆగుతుంది. కొన్ని నిమిషాల తర్వాత ఇదే తంతు. వాట్ మీటర్‌లో అంకె ఒక్కసారిగా వెయ్యి దాకా ఎగిరి పడిపోతుంది. కంప్రెసర్ మొదలవ్వాలని ప్రయత్నించి ఓడిపోతోంది, ఓవర్‌లోడ్ దాన్ని కాపాడుతోంది.

ఇందులో కారణాలు మూడు. ఓల్టేజీ తక్కువ: మొదలయ్యే క్షణంలోనే సాకెట్ దగ్గర ఓల్టేజీ చూడాలి, ఊరికే ఉన్నప్పుడు చూస్తే బాగానే కనిపిస్తుంది. రెండోది రిలే. ప్లగ్ తీశాక కంప్రెసర్ పక్కన చిన్న మూత తీస్తే కంప్రెసర్‌ను మొదలుపెట్టించే పీటీసీ రిలే ఉంటుంది. అది ఊడదీసి చెవి దగ్గర ఆడించి చూడండి, లోపల గలగలమంటే బిళ్ల పగిలింది, మార్చేయడమే. కెపాసిటర్ ఉంటే ప్లగ్ తీసిన తర్వాత కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. దాన్ని డిశ్చార్జి చేయడం తెలియకపోతే ఆ మూత తీయొద్దు. మూడోది కంప్రెసరే. మెషీన్ చల్లగా ఉన్నప్పుడు మొదలై, వేడెక్కాక ఆగి, గంట చల్లారితే తప్ప మళ్లీ అందుకోకపోతే దాని వైండింగ్‌నో (మోటారు తీగ చుట్టలు) లోపలి బిగుతునో అనుమానించాలి.

ఒక హెచ్చరిక: ఆగిన కంప్రెసర్‌ను వెంటనే ఆన్ చేస్తే ఆరోగ్యంగా ఉన్నదైనా మొదలవ్వదు. లోపల గ్యాస్ ఒత్తిడి రెండు వైపులా సమం కావాలి, పీటీసీ బిళ్ల చల్లారాలి. కనీసం 5 నిమిషాలు ఆగి పరీక్షించండి. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ టిక్కుటిక్కుమంటుంటే కారణం ఇదే, స్టెబిలైజర్‌లో టైమ్ డిలే ఉంటే ఆ బాధ పోతుంది.

మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్లకు: మామూలు కంప్రెసర్‌కు మూడు పిన్నులు. రెండేసి చొప్పున నిరోధం (ఓములు) మూడు కొలతలు తీస్తే, పెద్ద కొలత మిగతా రెండింటి మొత్తానికి సమానంగా రావాలి. ఏ పిన్నుకూ బాడీకీ మధ్య కనెక్షన్ చూపించకూడదు. ఇన్వర్టర్ కంప్రెసర్‌లో లెక్క వేరు, మూడు కొలతలూ ఇంచుమించు ఒకటే ఉంటాయి. దానికి నేరుగా మెయిన్స్ కరెంటు ఇచ్చారంటే అక్కడికక్కడే కాలిపోతుంది.

7. కంప్రెసర్ నడుస్తోంది, గాలి రావడం లేదు

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లు అప్పుడప్పుడూ ఆగిపోవడానికి నా లెక్కలో మొదటి కారణం ఇదే. డీఫ్రాస్ట్ పనిచేయదు. కాయిల్ మీద మంచు రోజురోజుకీ మందమవుతుంది. గాలి వెళ్లే సందులు మూసుకుపోతాయి. ముందు కింది గది వేడెక్కుతుంది, ఫ్రీజర్ ఇంకా బాగానే ఉంటుంది. తర్వాత మంచు ఫ్యాన్ రెక్కలకు తగిలి గరగరమంటుంది, ఆ తర్వాత ఫ్యాన్ పూర్తిగా బిగుసుకుంటుంది. మనం విసిగిపోయి ఫ్రిజ్ ఆపేసి తలుపులు తెరిచి ఉంచుతాం. మర్నాటికి మంచు కరిగి వారం పది రోజులు కొత్త ఫ్రిజ్‌లా నడుస్తుంది. మీ నోట్‌బుక్‌లో ఈ వరస కనిపిస్తే గ్యాస్ మాట ఎవరు ఎత్తినా ఒప్పుకోకండి.

ప్లగ్ తీసి ఫ్రీజర్ వెనక ప్యానెల్ విప్పండి. కాయిల్ అంతా పల్చగా సమానంగా తెల్లటి పొర ఉంటే మంచిదే. గోడలా గట్టి మంచు కనిపిస్తే డీఫ్రాస్ట్ చెడింది. కరిగించడానికి తలుపు తెరిచి, ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టి, లోపల వేడి నీళ్ల గిన్నె ఉంచండి. కింద గుడ్డలు పరవండి, చాలా నీళ్లు వస్తాయి. కత్తి, స్క్రూడ్రైవర్‌లతో మంచు పొడవొద్దు. కాయిల్ అల్యూమినియంది, ఒక్క పోటుతో బొక్క పడి నిజంగానే గ్యాస్ పోతుంది.

కరిగాక మూడింటిని పరీక్షించాలి. హీటర్: మల్టీమీటర్‌తో ఓములు చూడండి. ఓల్టేజీని ఓల్టేజీతో గుణించి వాట్లతో భాగిస్తే రావాల్సిన అంకె తెలుస్తుంది. 230 వోల్టుల మీద నడిచే 150 వాట్ల హీటర్ 350 ఓముల దగ్గర, 120 వోల్టుల మీద నడిచే 400 వాట్ల హీటర్ 36 ఓముల దగ్గర చూపాలి. అసలేమీ చూపకపోతే తెగింది.

బైమెటల్ (వేడి మితిమీరకుండా హీటర్‌ను ఆపే స్విచ్): ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇది బాగా చల్లగా ఉన్నప్పుడే కలుస్తుంది, వేడెక్కగానే విడిపోతుంది. గదిలో పెట్టి పరీక్షిస్తే బాగున్నది కూడా తెగినట్టే చూపిస్తుంది. ఇంకో ఫ్రీజర్‌లో ఒక గంట ఉంచి, బయటికి తీసిన వెంటనే చూడాలి. అది ఉబ్బి ఉన్నా, వైరు దగ్గర పగిలి ఉన్నా మార్చేయండి. బైమెటల్‌కు బదులు సెన్సర్ ఉన్న మోడళ్లలో చల్లబడేకొద్దీ దాని ఓములు పెరగాలి. ఐస్ నీళ్లలో ముంచినప్పుడు వచ్చే అంకెను ఆ మోడల్ సర్వీస్ పట్టికతో పోల్చాలి, ఎందుకంటే కంపెనీ కంపెనీకీ విలువలు మారతాయి.

మూడోది దానికి ఆజ్ఞ ఇచ్చే టైమర్ లేదా బోర్డు. హీటర్, బైమెటల్ రెండూ బాగున్నా మంచు పేరుకుంటోందంటే ముందు దాన్నే అనుమానించాలి.

మంచు గోడ లేకుండానే ఫ్యాన్ ఆగుతుంటే మోటారును చూడండి. చల్లగా ఉన్నప్పుడు బేరింగ్‌లో జిడ్డు గట్టిపడి బిగుసుకుని, తలుపు తీసి కాస్త వేడి తగలగానే మళ్లీ తిరిగే మోటార్లు ఉంటాయి. వేలితో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ రంధ్రం మూసుకుపోయినా అడుగున మంచు గడ్డ తయారై రెక్కలను తాకుతుంది. అందులో గోరువెచ్చని నీళ్లు పోస్తే దారి తెరుచుకుంటుంది. ఫ్రీజర్ బాగుండి ఫ్యాన్ కూడా తిరుగుతూ కింది గది మాత్రం వేడిగా ఉంటే, గాలిని కిందికి వదిలే డ్యాంపర్ మూసిన స్థితిలో గడ్డకట్టి ఉంటుంది.

8. అన్నీ నడుస్తున్నాయి, చల్లదనం మాత్రం లేదు

ఇది గొట్టాల లోపలి తప్పు. ఇందులోనూ నిజంగా వస్తూ పోతూ ఉండేది ఒకటే: గ్యాస్‌లో తేమ. ఎప్పుడో గ్యాస్ ఎక్కించినప్పుడు వ్యాక్యూమ్ (గొట్టాల్లోని గాలి, తేమ పంపుతో లాగేయడం) సరిగా చేయకపోతే, తేమను పీల్చుకునే ఫిల్టర్ డ్రయర్ మార్చకపోతే లోపల నీటి ఆవిరి మిగిలిపోతుంది. సన్నని క్యాపిలరీ గొట్టం కొసన అది ఐసు గింజలా గడ్డకట్టి దారి మూసేస్తుంది. కంప్రెసర్ నడుస్తూనే ఉంటుంది గానీ గ్యాస్ బుసబుస వినిపించదు. వాట్లు పడిపోతాయి. వెనక కండెన్సర్ కాయిల్ చల్లారిపోతుంది. ఫ్రీజర్‌లో మంచు అంతా కరుగుతుంది. ఆ వేడికి ఐసు గింజ కూడా కరిగి, ఒక్కసారిగా బుస్సుమని గ్యాస్ పారుతుంది, మళ్లీ అంతా మామూలే. డైరెక్ట్ కూల్‌లో ఈ స్థితిలో గొట్టం ఫ్రీజర్‌లోకి దిగే చోట వేడి నీళ్లలో తడిపిన గుడ్డ పెట్టి చూడండి. బుస వెంటనే మొదలైతే అనుమానం నిజమే. ఉత్త గ్యాస్ ఎక్కిస్తే ఇది పోదు. డ్రయర్ మార్చి, పంపుతో బాగా వ్యాక్యూమ్ చేసి, తూకం ప్రకారం నింపాలి.

గ్యాస్ లీకు వేరు. అది వస్తూ పోతూ ఉండదు, వారం వారం క్షీణిస్తుంది. ఫ్రీజర్ దగ్గరి చల్లబడే కాయిల్ మొదటి భాగంలో మాత్రమే మంచు పట్టి, మిగతాదంతా పొడిగా ఉండటం దాని గుర్తు. "గ్యాస్ తక్కువైంది" అని ఎవరైనా అంటే ఆ మంచు గుర్తు చూపించమని అడగండి. సీల్ చేసిన గొట్టాల్లోంచి గ్యాస్ ఊరికే తరిగిపోదు. లీకు ఎక్కడో కనిపెట్టకుండా నింపేది మళ్లీ పోతుంది.

కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. మంట అంటుకునే వాయువు. స్టిక్కర్ మీద ఆ పేరు ఉంటే గొట్టాల జోలికి మీరు వెళ్లొద్దు, వాటి దగ్గర వెల్డింగ్ మంట పెట్టేవాళ్లు ముందుగా గ్యాస్‌ను సురక్షితంగా బయటికి వదిలి, గది కిటికీలు తెరిచారో లేదో చూసుకోండి.

9. బోర్డు మీద నెపం వేసే ముందు

డిజిటల్ ఫ్రిజ్‌లలో ఏది తేలకపోయినా బోర్డు మార్చాలంటారు. కొన్నిసార్లు నిజమే. రిలే పాయింట్లు కాలడం, టంకం దగ్గర సన్నని పగులు, ఉబ్బిన కెపాసిటర్ వల్ల వేడెక్కినప్పుడే ఆగే బోర్డులు ఉంటాయి. కానీ ముందు కనెక్టర్లు చూడండి. ప్లగ్ తీసి ఒక్కో కనెక్టర్ ఊడదీసి, పిన్ను నల్లబడిందా, తుప్పు పట్టిందా చూసి, గట్టిగా తిరిగి పెట్టండి. తలుపు కీలు లోంచి వెళ్లే వైర్లు వేలసార్లు వంగి లోపల తెగి ఉంటాయి. తలుపు ఒక కోణంలో ఉన్నప్పుడే డిస్‌ప్లే ఆరిపోతే బోర్డుకు పాపం తెలియదు. ఇన్వర్టర్ బోర్డు మీద మినుకుమనే ఎల్‌ఈడీ ఉంటే వీడియో తీయండి. ఎన్నిసార్లు మినుకుమంది, ఎంతసేపు ఆగింది అన్నదే దాని భాష, సర్వీస్ మాన్యువల్‌లో దానికి అర్థం ఉంటుంది.

10. మెకానిక్‌కు ఏం చెప్పాలి

"అప్పుడప్పుడూ కూలింగ్ ఆగిపోతోంది" అని చెబితే ఆయన కూడా ఊహించాల్సిందే. ఇలా చెప్పండి: "తొమ్మిది రోజులకోసారి వస్తోంది. ఆ సమయంలో కంప్రెసర్ నడుస్తోంది, ఫ్యాన్ చప్పుడు లేదు, ముందు కింది గది వేడెక్కింది. ఒక రాత్రి ఆపి ఉంచితే బాగైంది." ఇంత చెబితే అనుభవం ఉన్నవాళ్లు సంచిలో హీటర్, బైమెటల్ వేసుకునే వస్తారు. ఫోన్‌లో తీసిన వీడియోలు, టిక్కు శబ్దం, మంచు ఫోటోలు చూపించండి. ఆయన వచ్చే ముందు రోజు ఫ్రిజ్‌ను శుభ్రంగా కడిగి, మంచు కరిగించి, తళతళలాడేలా తయారు చేయకండి. మంచు ఎక్కడ ఎంత ఉందన్నదే ఆయనకు కావాల్సింది.

మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకుని, మీటర్‌తో ఒకసారి చూడండి. పాతది బాగానే ఉందని తేలితే రిపేరు ఇంకా అవ్వలేదన్నమాట.

చివరగా, బాగైందని ఎప్పుడు నమ్మాలి? తప్పు ఎన్ని రోజులకోసారి వచ్చేదో దానికి రెట్టింపు రోజులు ఆగండి. తొమ్మిది రోజులకోసారి ఆగే ఫ్రిజ్ అయితే పద్దెనిమిది రోజులు దాటేదాకా నోట్‌బుక్ మూయకండి, నాణెం ఉన్న గ్లాసును ఫ్రీజర్‌లోంచి తీయకండి.